పోస్టర్ల ప్యాకేజీతో ఏజెన్సీ ఎందుకు ఎదగదు

గుంటూరులో గానీ, కరీంనగర్‌లో గానీ, రాజమండ్రిలో గానీ కొత్తగా పెట్టిన డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ రేట్ కార్డు తీసి చూడండి. నెలకి పదిహేను పోస్టర్లు, నాలుగు రీల్స్, పేజీ మెయింటెనెన్స్, పండగ శుభాకాంక్షలు ఉచితం. అంతా కలిపి ఎనిమిది వేలో పది వేలో ఉంటుంది. ఈ రేటుకి క్లయింట్లు తేలిగ్గానే దొరుకుతారు, మూడో నెల దాటగానే అంతే తేలిగ్గా వెళ్లిపోతారు. షాపు ఓనరు డబ్బు కట్టింది గిరాకీ వస్తుందని. "మీ పోస్టర్లు చూసి ఎవరొచ్చారండీ?" అని ఆయన అడిగిన రోజు చూపించడానికి లైకులు తప్ప ఏమీ ఉండవు. ఆ లైకులు కొట్టింది కూడా చాలావరకు ఆయన బావమరదులూ స్టాఫూ.

చిన్న ఏజెన్సీ ఎదిగేది ఉన్న క్లయింట్లు నిలిచినప్పుడే. నెలకి ఇద్దరు వచ్చి ఇద్దరు పోతుంటే ఏడాది తిరిగినా ఉన్నచోటే ఉంటాం. నిలబెట్టుకోవాలంటే ప్రతి క్లయింట్ దగ్గరా మూడు ప్రశ్నలకి జవాబు ఉండాలి: ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎంతమంది వచ్చారు, ఎన్ని బిల్లులయ్యాయి. కింద రాసిందంతా ఆ మూడింటి చుట్టూ తిరిగేదే.

ముందు ఒక వ్యాపారాన్ని పట్టుకోండి. అన్నీ చేస్తామనే ఏజెన్సీకి ప్రతి క్లయింటూ కొత్త పాఠమే. మూడు డెంటల్ క్లినిక్‌లకి పనిచేసినవాడికి నాలుగో క్లినిక్‌లో ఏ ప్రశ్నలు వస్తాయో ముందే తెలుసు: రూట్ కెనాల్‌కి ఎంత, ఎన్నిసార్లు రావాలి, ఆదివారం ఉంటారా, ఈఎంఐ ఉందా. యాడ్‌లో రాయాల్సినవి కూడా అవే. అయితే ఒకే పేటలో ఒకే రకం క్లయింట్లు ఇద్దరొద్దు. ఎక్స్‌క్లూజివ్‌గా చేస్తామని ఏరియా పేరుతో సహా అగ్రిమెంట్‌లో రాసిస్తే ఫీజు కాస్త ఎక్కువ అడగొచ్చు. నా ఉద్దేశంలో మొదలుపెట్టడానికి క్లినిక్‌లు, ఇంటీరియర్స్ వాళ్లు మంచివాళ్లు. ఏడాది పొడవునా పని ఉంటుంది, ఒక్క కస్టమర్ వచ్చినా మీ నెల ఫీజు వాళ్లకి గిట్టుబాటవుతుంది. కోచింగ్ సెంటర్లకి ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊపిరాడదు, తర్వాత ఫోనెత్తరు. రియల్ ఎస్టేట్‌లో డబ్బు ఎక్కువే గానీ మొదటి ఏడాది దాని జోలికి పోకపోవడమే మేలు. కారణం కింద వస్తుంది.

ఏ క్లయింట్ వచ్చినా యాడ్స్‌కి ముందు చేయాల్సిన పని గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్‌లో, మ్యాప్‌లో షాపు పేరు, నంబరు, టైమింగులు, రివ్యూలు కనబడే పేజీ. ఇందులో ఎక్కువగా జరిగే తప్పు పేరు దగ్గరే. బోర్డు మీద డాక్టరుగారి పేరుతో డెంటల్ కేర్ అని ఉంటే ప్రొఫైల్‌లో దాని వెనక "బెస్ట్ డెంటల్ హాస్పిటల్ ఇన్ గుంటూరు" అని తగిలిస్తారు. కొన్నాళ్లు పనిచేసినట్టే ఉంటుంది. ఎవరో పక్క క్లినిక్ వాళ్లు రిపోర్ట్ కొడతారు, ప్రొఫైల్ సస్పెండ్ అవుతుంది, రివ్యూలతో సహా మ్యాప్‌లో కనబడకుండా పోతుంది. తిరిగి తెచ్చుకోవాలంటే అదే పేరు, అదే అడ్రసు ఉన్న లైసెన్సో, జీఎస్‌టీ సర్టిఫికెట్టో, కరెంటు బిల్లో అప్‌లోడ్ చేయాలి. అందుకే పేరు బోర్డు మీద ఎలా ఉంటే అలాగే పెట్టండి. కీలకమైనది ప్రైమరీ కేటగిరీ, అంటే అది ఏ రకం వ్యాపారమో గూగుల్‌కి చెప్పే మాట. దాన్ని వీలైనంత కచ్చితంగా ఎంచుకోవాలి.

వెరిఫికేషన్‌కి ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతోంది. మధ్యలో ఆపకుండా ఒకే టేక్‌లో తీయాలి: ముందు రోడ్డు, పక్క షాపులు, తర్వాత బోర్డు, ఆపైన లోపలికెళ్లి కౌంటరు, మీకు అక్కడ అధికారం ఉందని తెలిసేలా తాళం తీయడమో, బిల్లింగ్ సిస్టమ్ తెరవడమో. ఎడిట్ చేసి మ్యూజిక్ పెట్టిన ప్రమోషన్ వీడియో పంపితే తిరిగొస్తుంది. ప్రొఫైల్ ఓనర్‌గా క్లయింట్ మెయిలే ఉండాలి, మీరు మేనేజర్‌గా చేరండి. కొత్తగా చేరిన ఓనర్లకీ మేనేజర్లకీ మొదటి ఏడు రోజులు కొన్ని మార్పులు చేయడానికి వీలుండదు, కంగారు పడొద్దు.

రివ్యూలకి దగ్గరి దారి లేదు. కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ పెట్టి, బిల్లు కట్టేటప్పుడు నోటితో అడగాలి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామనడం, బాగుందన్నవాళ్లకి మాత్రమే లింకు పంపడం రెండూ గూగుల్ నిబంధనలకి విరుద్ధం. స్టాఫందరి చేతా ఒక్కరోజే ఐదు చుక్కలు కొట్టిస్తే ఫిల్టర్‌లో పోతాయి. తెలుగులో రాసినవాళ్లకి తెలుగులోనే జవాబివ్వండి. "థాంక్యూ ఫర్ యువర్ ఫీడ్‌బ్యాక్" అని అందరికీ ఒకటే అతికిస్తే చదివేవాళ్లకి తెలిసిపోతుంది.

ఇక యాడ్స్. చిన్న బడ్జెట్‌తో మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్) యాడ్స్ చేసేవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ముక్కలు చేయడంలో. రోజుకి ఐదు వందల బడ్జెట్‌ని ఐదు యాడ్ సెట్లకి (ఒకే టార్గెటింగ్‌తో నడిచే యాడ్ల గుంపులకి) వందేసి పంచుతారు. ఒక యాడ్ సెట్ లెర్నింగ్ దశ (యాడ్ ఎవరికి చూపించాలో మెటా నేర్చుకునే కాలం) దాటాలంటే వారంలో దాదాపు 50 ఫలితాలు రావాలి. లీడ్ (ఆసక్తి చూపి నంబరిచ్చిన మనిషి) వంద రూపాయలు పడుతుందనుకుంటే వారానికి ఐదు వేలు, అంటే రోజుకి ఏడు వందల పైచిలుకు ఒక్క యాడ్ సెట్‌కే కావాలి. కాబట్టి ఒకటే క్యాంపెయిన్, ఒకటే యాడ్ సెట్, అందులో మూడు నాలుగు క్రియేటివ్‌లు, అంటే యాడ్‌లో వాడే ఫోటోలు, వీడియోలు. రోజూ బడ్జెట్ పెంచి తగ్గించి, టార్గెటింగ్ మార్చి కెలికితే లెర్నింగ్ మళ్లీ మొదటికొస్తుంది. ఐదారు రోజులు చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా ఈ పనిలో భాగమే. క్లయింట్‌కి ఆ మాట ముందే చెప్పి ఉంచండి. పేజీలో కనబడే బూస్ట్ బటన్ జోలికి మాత్రం పోవద్దు, ఏ పనైనా యాడ్స్ మేనేజర్ నుంచే చేయండి.

గూగుల్ సెర్చ్ యాడ్స్‌లో డబ్బు పోయేది డీఫాల్ట్ సెట్టింగుల వల్ల. లొకేషన్ ఆప్షన్‌లో ఆ ఊరి మీద ఆసక్తి ఉన్నవాళ్లు కూడా కలిసి ఉంటారు, దాన్ని ఆ ఊళ్లో ఉన్నవాళ్లకి మాత్రమే అని మార్చాలి. డిస్‌ప్లే నెట్‌వర్క్ (వేరే వెబ్‌సైట్లలో, యాప్‌లలో యాడ్ చూపించేది) టిక్కు తీసేయాలి. నెగెటివ్ కీవర్డ్స్ (ఇవి వెతికేవాళ్లకి యాడ్ చూపించొద్దని చెప్పే మాటలు) మొదటి రోజే వేయాలి: జాబ్స్, సాలరీ, కోర్స్, కాలేజ్, ఫ్రీ, గవర్నమెంట్. ఇవి లేకపోతే పంటి డాక్టరు డబ్బుతో డెంటల్ అసిస్టెంట్ ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లు క్లిక్ చేస్తుంటారు. జనం ఏం టైప్ చేస్తే మీ యాడ్ వచ్చిందో చూపించే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు మొదటి రెండు వారాలు రోజూ చూడండి. మన జనం తెలుగు మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో రకరకాల స్పెల్లింగులతో కొడతారు. ఆ స్పెల్లింగులు దొరికేది అక్కడే.

డబ్బు లెక్కలో ఒక మెలిక ఉంది. గూగుల్ యాడ్స్‌లో ముందుగా డబ్బు వేసుకునే పద్ధతి పెట్టుకుంటే 18 శాతం జీఎస్‌టీ అందులోంచే పోతుంది. పది వేలు కడితే యాడ్స్‌కి మిగిలేది 8,475 రూపాయల దగ్గర. "పది వేలిచ్చాను, ఎనిమిదిన్నర వేలే ఖర్చు చూపిస్తున్నారేంటి?" అని గొడవపడే క్లయింట్లు తక్కువేం కాదు. కొటేషన్‌లోనే యాడ్ బడ్జెట్ ఇంత, దాని మీద పన్ను ఇంత అని విడిగా రాయండి. క్లయింట్‌కి జీఎస్‌టీ నంబరుంటే దాన్ని యాడ్ అకౌంట్ బిల్లింగ్ సెట్టింగుల్లో ఎక్కించండి, అప్పుడే వాళ్ల ఆడిటర్ ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోగలరు, అంటే ఇక్కడ కట్టిన పన్నుని వాళ్లు కట్టాల్సిన జీఎస్‌టీలోంచి తగ్గించుకోగలరు. ఇది చేసిపెట్టిన ఏజెన్సీని ఆడిటర్లు గుర్తుపెట్టుకుంటారు.

లీడ్స్ దగ్గరికి వస్తే, ఏజెన్సీకీ క్లయింట్‌కీ తెగిపోయేది ఎక్కువగా ఇక్కడే. "లీడ్స్ వేస్ట్ అండీ, ఎవరూ ఎత్తట్లేదు" అంటారు క్లయింట్లు. "మీవాళ్లు రెండు రోజులకి ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు?" అంటారు ఏజెన్సీ వాళ్లు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. మెటా ఇన్‌స్టంట్ ఫామ్‌లో (యాడ్ నొక్కగానే అక్కడే తెరుచుకునే ఫామ్) ఎక్కువ లీడ్స్ వచ్చే రకం పెడితే పేరూ నంబరూ వాటంతటవే నిండిపోతాయి. వేలు తగిలి సబ్మిట్ చేసినవాళ్లు, ఎప్పుడో వదిలేసిన పాత నంబరున్నవాళ్లు అందులో కలుస్తారు. పంపేముందు వివరాలు మరోసారి చూసి ఖాయం చేయమనే హయ్యర్ ఇంటెంట్ రకం పెట్టి, ఆలోచించి జవాబివ్వాల్సిన ప్రశ్న ఒకటి చేర్చండి: "ఏ రోజు రాగలరు?", "మీ ఫ్లాట్ ఎప్పుడు హ్యాండోవర్ అవుతుంది?" లీడ్ రేటు పెరుగుతుంది, మనుషులు నిజమైనవాళ్లవుతారు. లీడ్స్‌ని మెటాలోనే వదిలేయకండి, 90 రోజులు దాటితే డౌన్‌లోడ్ చేయలేం. వచ్చిన వెంటనే గూగుల్ షీట్‌లో పడేలా కలపండి.

ఆ షీటే మీ అసలు ఆస్తి. కాలమ్స్ ఇవి చాలు: తేదీ, పేరు, నంబరు, ఫోన్ చేసింది ఎవరు, ఎన్ని గంటలకి, ఎత్తారా, ఏమన్నారు, వచ్చారా, బిల్లెంత. నింపేది రిసెప్షన్‌లో అమ్మాయి. ఆమెకి ఓపిగ్గా నేర్పండి, ఫోన్లో చెప్పాల్సిన నాలుగు వాక్యాలు తెలుగులో రాసివ్వండి. లీడ్ వచ్చిన కొద్ది నిమిషాల్లోనే ఫోన్ వెళ్లాలి. రాత్రి తొమ్మిది తర్వాత వచ్చినవాటికి వాట్సాప్ మెసేజ్ పెట్టి పొద్దున పదిలోపు చేయాలి. మొదటిసారి ఎత్తకపోతే మర్నాడు వేరే సమయంలో ఇంకోసారి. నెలకి రెండుసార్లు మామూలు కస్టమర్‌లా మీరే ఫోన్ చేసి వినండి. యాడ్ మార్చాలో, ఫోనెత్తే మనిషికి ఇంకాస్త నేర్పాలో అక్కడ తెలుస్తుంది.

ఉదాహరణకి ఒక క్లినిక్ లెక్క ఇలా ఉందనుకుందాం: యాడ్స్‌కి 15,000, లీడ్స్ 100, ఎత్తినవాళ్లు 60, వచ్చినవాళ్లు 18, ట్రీట్‌మెంట్ మొదలుపెట్టినవాళ్లు 7. మీ ఫీజు 12,000 కలిపితే ఒక్కో పేషెంట్‌కి 3,900 దాకా పడింది, పన్ను కాకుండా. ఆ ఏడుగురి సగటు బిల్లు ఆరు వేలైతే డాక్టరుగారు ఇంప్లాంట్ల మీద యాడ్ వేయమంటారు. రెండు వేలైతే మీకు చెప్పకుండానే ఆపేస్తారు. ఈ లెక్క ఆయనకంటే ముందు మీరు వేసి, ఏ సేవ మీద యాడ్ నడపాలో మీరే చెప్పాలి. ముప్పై పేజీల రిపోర్టు ఎవరూ చదవరు, వాట్సాప్‌లో ఈ ఐదు అంకెలు పంపితే చదువుతారు.

వాట్సాప్ గురించి ఒక హెచ్చరిక. బిజినెస్ యాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి 256 మంది పరిమితి, అందులోనూ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. దీన్ని తప్పించుకోవడానికి బల్క్ మెసేజ్ సాఫ్ట్‌వేర్ కొని, ఎక్కడో సంపాదించిన పది వేల నంబర్లకి పేలుస్తారు. నంబరు బ్యాన్ అవుతుంది. ఆ నంబరే ఫ్లెక్సీల మీద, విజిటింగ్ కార్డుల మీద, క్యారీ బ్యాగుల మీద అచ్చయి ఉంటుంది. పెద్ద ఎత్తున పంపాలంటే వేరే నంబరుతో బిజినెస్ ఏపీఐ (పెద్ద ఎత్తున మెసేజ్‌లకి వాట్సాప్ ఇచ్చే అధికారిక దారి) తీసుకుని, టెంప్లేట్‌ని, అంటే మెసేజ్ నమూనాని, ముందుగా ఆమోదించుకుని, అనుమతిచ్చినవాళ్లకే పంపాలి. చీరల షాపులకి అన్నిటికంటే పనికొచ్చేది క్లిక్ చేస్తే వాట్సాప్ తెరుచుకునే యాడ్. అక్కడ ఫోటోలు పంపే మనిషి చురుగ్గా ఉంటే చాలు. ఆషాఢం సేల్స్, శ్రావణం పెళ్లిళ్లు, దసరా, సంక్రాంతి, వీటికి క్రియేటివ్‌లు మూడు వారాల ముందే తయారవ్వాలి. దసరా దీపావళి మధ్య పెద్ద కంపెనీలన్నీ దిగుతాయి, యాడ్ రేట్లు పెరుగుతాయి, ఆ రెండు వారాల్లో కొత్త ప్రయోగాలు వద్దు. మూఢం రోజుల్లో ఫంక్షన్ హాలు యాడ్ ఆపేయమని క్లయింట్ చెప్పేదాకా ఆగకూడదు.

తెలుగు అక్షరాల సంగతి చిన్నదే గానీ పరువు తీసేది. డీటీపీ షాపు నుంచి వచ్చిన మేటర్ అను ఫాంట్లలో ఉంటుంది. అది ఫోన్లలో, వెబ్‌సైట్లలో తెలుగు చూపించే యూనికోడ్ కాదు. కాపీ చేసి పోస్టులో పెడితే పిచ్చి గుర్తులొస్తాయి, ముందు యూనికోడ్‌కి మార్చుకోవాలి. పాత వెర్షన్ ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కకొస్తుంటే టెక్స్ట్ ఇంజిన్ సెట్టింగుని దక్షిణాసియా భాషలకి పనికొచ్చేదిగా మార్చి ఫైల్ మళ్లీ తెరవండి. రామభద్ర, మండలి, సురన్న, పొన్నాల లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఒత్తు తప్పిన హెడ్డింగుతో నగల షాపు యాడ్ ఒక్కసారి బయటికెళ్తే కామెంట్లన్నీ దాని మీదే.

కొన్ని వ్యాపారాల్లో యాడ్ మాటలకి చట్టం ఉంది, అవి తెలియకుండా దిగితే క్లయింట్‌తో పాటు మీరూ ఇరుక్కుంటారు. షుగర్ నయం చేస్తాం, క్యాన్సర్ తగ్గిస్తాం లాంటి మాటలు 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందికొస్తాయి. కోచింగ్ సెంటర్ల ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకర్ ఫోటో వేయాలంటే ఫలితాలొచ్చాక ఆ విద్యార్థి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, ఏ కోర్సు చదివాడో చెప్పాలి, గ్యారంటీ సెలక్షన్ అనకూడదు. రియల్ ఎస్టేట్‌లోనైతే రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రాజెక్టుకి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రాకముందే ప్రకటన వేయకూడదు. వచ్చాక ఆ నంబరూ, రెరా వెబ్‌సైట్ అడ్రసూ ప్రకటనలో ఉండాలి. ప్రీ లాంచ్ ఆఫర్ అంటూ పోస్టర్ చేయమని అడిగేవాళ్లకి లేదని చెప్పడమే. ఇంకో ప్రమాదం కమీషన్. "ఫీజు వద్దు, ఫ్లాటుకి ఇంత ఇస్తాం" అంటారు. కొనేవాళ్లని ఏ మాధ్యమం ద్వారా పరిచయం చేసి డబ్బు తీసుకున్నా రెరా చట్టంలోని ఏజెంట్ నిర్వచనం మీకు వర్తించే అవకాశముంది, ఏజెంట్‌గా రిజిస్టర్ కావాల్సి వస్తుంది. నెల ఫీజుకే కట్టుబడండి.

యాడ్ ఖర్చు మీ కార్డు మీద ఎప్పుడూ పెట్టొద్దు. క్లయింట్ ఆలస్యం చేస్తే మీ డబ్బు ఇరుక్కోవడం ఒక కారణం. రెండోది టర్నోవర్. సేవలకి జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ పరిమితి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏడాదికి 20 లక్షలు. పది మంది క్లయింట్ల దగ్గర 12,000 చొప్పున ఫీజైతే ఏడాదికి 14.4 లక్షలే. ఒక్కొక్కరి యాడ్ ఖర్చు 15,000 కూడా మీ బిల్లులో కలిస్తే 32.4 లక్షలై పరిమితి దాటేస్తుంది, మీ లాభం మాత్రం రూపాయి పెరగదు. క్లయింట్ పేరు మీదే యాడ్ అకౌంట్, క్లయింట్ కార్డు, మీకు పార్ట్‌నర్ యాక్సెస్, అంటే ఆ అకౌంట్‌లో పనిచేసే అనుమతి. డొమైన్ కూడా వాళ్ల పేరు మీదే కొనిపించండి.

ఫీజు ప్రతినెలా ఐదో తేదీలోపు, ముందుగా. ఒక పేజీ అగ్రిమెంట్ చాలు: ఏం చేస్తాం, ఏం చేయం, ఒక డిజైన్‌కి ఎన్ని మార్పులు, ముప్పై రోజుల నోటీసు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్రం చేసే నమోదు) ఉచితం, మొదటి నెలలోనే చేయించుకుని నంబరు ఇన్‌వాయిస్ మీద వేయండి. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. గడువు దాటిన బాకీని మార్చి 31లోపు కూడా కట్టకపోతే ఆ ఖర్చుని ఆ ఏడాది ఆదాయంలోంచి మినహాయించుకోవడానికి కుదరదని 2023లో ఆదాయపు పన్ను చట్టంలో మార్పు తెచ్చారు. అందుకే మార్చి నెలలో క్లయింట్ల ఆడిటర్లే బాకీల గురించి అడుగుతుంటారు. ఆ నెల మొదటి వారంలో స్టేట్‌మెంట్ పంపడం మర్చిపోకండి.

ఏజెన్సీని ప్రమోట్ చేసుకోవడానికి జిల్లా కేంద్రంలో లింక్డ్‌ఇన్ కంటే కాళ్లు పనికొస్తాయి. ఒక రోడ్డులో పది క్లినిక్‌లు ఎంచుకోండి. ఆ రోడ్డులోనే నిలబడి గూగుల్‌లో వెతికి స్క్రీన్‌షాట్ తీయండి. తప్పుడు టైమింగులు, మోగని నంబరు, జవాబివ్వని రివ్యూలు, ఇలా కనబడిన లోపాలు ఒక ఏ ఫోర్ కాగితం మీద తెలుగులో ప్రింట్ తీసి చేతికివ్వండి. డాక్టర్లని మధ్యాహ్నం ఓపీ అయ్యాక కలవాలి. బట్టల షాపులకి మామూలు రోజుల్లో పొద్దున పదకొండుకి. శుక్రవారం సాయంత్రం ఏ షాపుకీ వెళ్లొద్దు. కాగితం ఇచ్చి, ఒక లోపం అక్కడికక్కడే సరిచేయించి వచ్చేయండి, రేటు మాట్లాడేది రెండోసారి వెళ్లినప్పుడు.

కొత్త వ్యాపారం మొదలవుతోందని ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది ఫ్లెక్సీ, బోర్డులు చేసే షాపు వాళ్లకి. తర్వాత ఆడిటర్లకి. ఈ ఇద్దరితో స్నేహంగా ఉండండి, పంపిన ప్రతి క్లయింట్‌కీ ఎంతిస్తారో దాపరికం లేకుండా మాట్లాడుకోండి. నంబర్ వన్ ర్యాంక్ తెప్పిస్తామని మాత్రం ఎవరికీ చెప్పొద్దు. మ్యాప్‌లో ర్యాంకు వెతికే మనిషి ఎంత దూరంలో ఉన్నాడనే దాన్ని బట్టి కూడా మారుతుంది, దాన్ని మీరు మార్చలేరు. పాత క్లయింట్ అంకెలు చూపించాలంటే వాళ్ల అనుమతి తీసుకుని, యాడ్ ఖర్చుతో సహా చూపించండి. ఖర్చు దాచి "వంద లీడ్స్" అని వేస్తే తెలిసినవాళ్లు నవ్వుతారు.

మొదటి ఉద్యోగిగా డిజైనర్‌ని పెట్టుకోవడం అలవాటు. డిజైన్ పీస్ లెక్కన బయట చేయించుకోవచ్చు. రోజూ క్లయింట్ల షీట్లు తిరగేసి, రిసెప్షన్ వాళ్లకి ఫోన్ చేసి ఖాళీ గళ్లు నింపించే మనిషిని ముందు పెట్టుకోండి. యాడ్ అకౌంట్లు మీ దగ్గరే ఉంచుకోండి. ఒక మనిషి శ్రద్ధగా చూసుకోగలిగేది ఎనిమిది, పది అకౌంట్లు. అంతకు మించితే నెగెటివ్ కీవర్డ్స్ చూడటం మానేస్తాం, అది రెండు నెలల తర్వాత బయటపడుతుంది. పదకొండో క్లయింట్ వచ్చినప్పుడు ఫీజు పెంచి చూడండి. ఒప్పుకుంటే రెండో మనిషికి జీతం దొరికినట్టే, ఒప్పుకోకపోతే ఉన్న పదిమందికి పని తగ్గలేదు.